అక్కమ్మ కడుక్కున్న చేతులు

అక్కమ్మ ఇంటికి మొదటిసారి వెళ్ళినప్పుడు ఆమె నాతో మూడుసార్లు చేతులు కడిగించింది. రెండుసార్లు సబ్బుతో, మూడోసారి బ్లీచింగ్ నీళ్ళతో. అప్పటికి నేను బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, బెంగళూరులో ఒక ల్యాబ్‌లో ప్రాజెక్ట్ అసిస్టెంటుగా చేరి ఆరు నెలలు. శుభ్రత గురించి నాకు ఇంకొకరు చెప్పాలా అన్న పొగరు దండిగా ఉండేది. మూడోసారి కడిగాక "ఇంక చాలా పెద్దమ్మా?" అని కాస్త విసుగ్గానే అడిగాను.

ఆమె నా తల వైపు చూసింది. "కొబ్బరినూనె పూసినావు గదమ్మా. ఆ వాసన పురుగులకు పడదు. ఈ గుడ్డ తలకు కట్టుకో," అని ఉతికిన పాత చీర ముక్క చేతికిచ్చింది.

ఇది 2005 డిసెంబరు మాట. నా పేరు వసుధ. మాది మదనపల్లె, నాన్నకు అక్కడ కిరాణా అంగడి. ల్యాబ్‌లో తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి, రామకుప్పం దగ్గరి పల్లెలో పట్టుపురుగుల రక్తం తీసుకురమ్మని మా చేతన్ సారు నన్ను పంపించారు. పురుగు రక్తం తీసేది నాకు తెలుసు. పురుగు ఎలా బతుకుతుందో తెలీదు. అది అక్కమ్మ దగ్గరే నేర్చుకున్నాను, తిట్లతో సహా.

అక్కమ్మ పుట్టింది సదుంలో. వాళ్ళమ్మ ఇంట్లో పసుపుపచ్చ గూళ్ళు కట్టే నాటు పట్టుపురుగులు ఉండేవి. రామకుప్పం వైపు చిన్నప్పకు ఇచ్చి పెళ్ళి చేశారు. పదెకరాల మెట్ట, ఒక బావి. రాగులు, కూరగాయలు వేసేవాళ్ళు. సగం పంట ఏనుగులు తినిపోయేవి. 1993లో వాళ్ళమ్మకు చూపు తగ్గి, ఇక పురుగులు సాకలేను, పారేస్తానంది. అక్కమ్మ అదే వారం సదుం వెళ్ళి, సీతాకోకలు గుడ్లు పెట్టిన కాగితాలు కొత్త కుండలో పెట్టి, తడిగుడ్డ చుట్టి బస్సెక్కింది. పుంగనూరులో బస్సు మారితే పక్క సీటాయన బీడీ ముట్టించాడు. ఆర్పమంది. ఆయన ఆర్పలేదు. కండక్టరు వచ్చి, కుండలో ఏముందని అడిగాడు.

"నా పిల్లోళ్ళు. ఇరవై వేలమంది ఉండారు. ఆయప్ప పొగ వదిల్తే అందరూ సస్తారు," అందట అక్కమ్మ.

కండక్టరు నవ్వాడో భయపడ్డాడో తెలీదు కానీ బీడీ ఆర్పించాడు. పలమనేరు మీదుగా కుప్పం చేరేదాకా ఆమె ఆ కుండను ఒళ్ళోంచి దించలేదు. నీళ్ళ సీసాలోని నీళ్ళు తను తాగకుండా ఆ గుడ్డ మీదే చల్లింది. ఈ కథ ఆమె నాకు నాలుగైదుసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ బీడీ ఆయన మీసం ఇంకాస్త పెద్దదయ్యేది.

ఆ గుడ్ల నుంచి వచ్చిన సంతతే పన్నెండేళ్ళుగా ఆ ఇంట్లో నడుస్తోంది. పురుగుల గది గుమ్మం ముందు సున్నం పళ్ళెం. అందులో కాలు పెట్టనిదే ఎవరూ లోపలికి పోకూడదు. గదిలో వెదురు తట్టలు, తట్టల్లో సన్నగా తరిగిన మల్బరీ ఆకు. పురుగు మేత మాని తల ఎత్తి కదలకుండా ఉండి, పాత చర్మం వదిలే రోజులను అక్కడ జొరం అంటారు. నాలుగు జొరాలు దాటితే పురుగు పెద్దదై గూడు కట్టడానికి తయారవుతుంది. జొరం రోజుల్లో అక్కమ్మ ఆ గదిలో గట్టిగా మాట్లాడనిచ్చేది కాదు. చిన్నప్ప బీడీలు కూడా ఈమె దెబ్బకే మానేశాడు. బీడీ తాగిన ప్రతిసారీ స్నానం చేసి పంచె మార్చుకుంటేనే లోపలికి రానిచ్చేది. "రోజుకు ఆరుసార్లు యాడ నీళ్ళు పోసుకునేది? మానేస్తిని," అన్నాడు నాతో, పెద్ద త్యాగం చేసినవాడిలా.

గుడ్లు పెట్టిన తల్లి సీతాకోకలను కాగితం పొట్లాల్లో కట్టుకుని కుప్పంలో పట్టుపరిశ్రమ ఆఫీసుకు పోయి, నూరించి, సూక్ష్మదర్శినిలో చూపించుకొచ్చేది. తల్లి నుంచి పిల్లలకు దిగే ఒక జబ్బు ఉంది. ఒక్క తల్లిలో దాని ఛాయ కనిపించినా ఆ గుడ్లన్నీ కాల్చేయాలి. పన్నెండేళ్ళలో రెండుసార్లు కాల్చింది. ఏడ్చుకుంటూ కాల్చిందని చిన్నప్ప చెప్పాడు. ఆమె చెప్పలేదు.

ఆ ఏడాది వానాకాలంలో ఆ చుట్టుపక్కల పల్లెల్లో పాలరోగం వచ్చింది. పురుగు ఉబ్బి, చర్మం చిట్లి, పాలలాంటి నీరు కారి చస్తుంది. ఆఫీసువాళ్ళు ఇచ్చిన తెల్ల గూళ్ళ పురుగులు తట్టలకు తట్టలు పోయాయి. రైతులు గుంతలు తీసి పూడ్చారు. అదే ఊళ్ళో, అదే ఆకు తిని అక్కమ్మ పసుపు పురుగులు నిక్షేపంలా గూళ్ళు కట్టాయి. ఊరు సంతోషించాలి కదా. లేదు. పైనుంచి వచ్చిన అధికారి ఒకరు, ఈ నాటు పురుగులు జబ్బును కడుపులో దాచుకుని పంచుతున్నాయేమో, అసలు రైతు సొంతంగా గుడ్లు ఉంచుకోవడమే నిబంధనలకు విరుద్ధం, ఉగాదికల్లా ఈ రకాన్ని ఆపేసి గుడ్లన్నీ కాల్చేయండి అన్నారు. అక్కమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. చివరికి ఆయన ఒక మెట్టు దిగి, వీటి రక్తంలో రోగాన్ని ఆపే గుణం ఏదైనా ఉందని ఏ ల్యాబైనా రాసిస్తే అప్పుడు చూద్దాం అన్నారు. ఆ పని మా సారుకు వచ్చింది. అలా నేను వచ్చాను.

మా ల్యాబ్‌లో చేసేది ఏమిటని అక్కమ్మ అడిగింది. వీలైనంత తేలిగ్గా చెప్పాను. రక్తపు బొట్టులో వందల రకాల ప్రోటీన్లు కలిసిపోయి ఉంటాయి. వాటిని ముందు చిన్న ముక్కలుగా కత్తిరిస్తాం. మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రం ఒక్కో ముక్కనూ తూస్తుంది, దాన్ని మళ్ళీ విరగ్గొట్టి ఆ తునకలనూ తూస్తుంది. ఏ ప్రోటీన్ ముక్క ఎంత తూగుతుందో కంప్యూటర్‌లో పట్టీ ఉంటుంది. తూకాలు సరిపోలితే ఫలానా ప్రోటీన్ ఉందని పేరు చెబుతుంది. చిక్కల్లా ఒక్కటే. ఏదైనా ఒకటి బాగా ఎక్కువగా ఉంటే దాని గోలలో, కొంచెమే ఉన్నది యంత్రం కంట పడదు.

ఆమె శ్రద్ధగా విని, "రంగు సూడదు, వాసన సూడదు, తూకం ఒకటే సూస్తుందా? అయితే దాన్ని మోసం చేసేది బో సులువు," అంది.

మరుసటి రోజు పొద్దున్నే రక్తం తీయడానికి కూర్చున్నాం. పురుగుల గదిలో కుంపటి పెట్టి వెచ్చగా ఉంచుతారు. అక్కడ తీస్తే రక్తం క్షణాల్లో నల్లబడుతుంది. అందుకని వసారాలో, మంచు పెట్టె ముందు కూర్చున్నాను. పురుగు కడుపు కింది కాలు కొస కత్తిరిస్తే ఒక్కో బొట్టు గొట్టంలోకి జారుతుంది. ఈ పురుగుల రక్తం కూడా పసుపే. డిసెంబరు చలి, ఎదురుగా మంచు పెట్టె, పొలాల మీంచి గాలి. నా పళ్ళు టకటకలాడుతున్నాయి, చేతులు వణికి రెండు బొట్లు నేల పాలయ్యాయి. అక్కమ్మ చూసి లోపలికి పోయి, దండెం మీది నల్ల గొంగడి తెచ్చి నా భుజాల చుట్టూ కప్పింది.

"ఉతికిందేలే. మొన్న ఎండలో ఆరేసినాను. కప్పుకో, సస్తాండావు సలికి," అంది.

ల్యాబ్‌లో ఉన్ని బట్టలు తగలకూడదని మొదటి రోజే చెప్పారు నాకు. ఆ క్షణంలో గుర్తు రాలేదంటే అబద్ధం. వచ్చింది. వెచ్చదనం బాగుంది, ఊరుకున్నాను. సాయంత్రం కుప్పంలో రైలెక్కి, నోటు పుస్తకంలో అన్ని జాగ్రత్తలూ పాటించామని రాసేశాను.

జనవరి రెండో వారంలో ఫలితం వచ్చింది. యంత్రం చదివిన దానిలో ముప్పావు వంతు గొర్రె ఉన్ని, మిగిలిన దాంట్లో సగం మనిషి చర్మం. పట్టుపురుగు ఎక్కడో అడుగున నలిగిపోయి ఉంది. కుప్పం ఆఫీసువాళ్ళు పంపిన తెల్ల పురుగుల రక్తం మాత్రం శుభ్రంగా వచ్చింది.

చేతన్ సారు మంచివారే కానీ ముక్కు మీద కోపం. కాగితం బల్ల మీద పడేసి, "ఆ ఇంట్లో గొర్రెల్ని కట్టేస్తారా? ఇంత మురికి చోట పెంచినదాన్ని ఏం పరీక్షిస్తాం? ఈ రకాన్ని వదిలేద్దాం," అన్నారు.

గొర్రె ఉన్ని అన్న మాట చదవగానే నాకు ఆ గొంగడి గుర్తొచ్చింది. గుర్తొచ్చీ నోరు విప్పలేదు. నాలుగు రోజులు విప్పలేదు. ఉద్యోగం పోతుందని భయం, సారు కోపమంటే భయం. ఐదో రోజు ఆయన, పురుగులు పెంచే చోటు శుభ్రంగా లేనందున పరీక్ష వీలు కాలేదని కుప్పం ఆఫీసుకు ఉత్తరం రాసి, నన్నే తీసుకెళ్ళి ఇమ్మన్నారు. కుప్పంలో దిగాను. ఆఫీసు వైపు పోవాల్సిన కాళ్ళు రామకుప్పం బస్సెక్కాయి.

అక్కమ్మ ఆకు తరుగుతోంది. ఉత్తరంలో ఏముందో చెప్పాను. కత్తి పక్కన పెట్టింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. లేచి తొట్టి దగ్గరికి పోయి సబ్బుతో చేతులు కడుక్కుని, తుడుచుకోకుండా వాటినే చూసుకుంటూ నిలబడింది.

"నా ఇల్లు మురికిదని రాసినారా?" అంది.

నాకు తల తీసేసినట్టయింది.

"ఏం దొరికిందంట అంత మురికి?"

"గొర్రె ఉన్ని పెద్దమ్మా."

ఆమె దండెం వైపు చూసింది. గొంగడి అక్కడే ఉంది. తర్వాత నా దగ్గరికి వచ్చింది. "ఆ మిషను నిజమే చెప్పిందమ్మా. కప్పింది నేను. అక్కమ్మ తప్పు చేసిందని రాయి, కావాలంటే గుడ్లు కాల్చమని రాయి. ఇల్లు శుభ్రంగా లేదని మాత్రం రాయొద్దు. మా యమ్మ కండ్లు పోయేదాకా తుడిసి సాకిన పురుగులు అవి."

గుడ్లు కాల్చమని ఆ నోటితో అంది. బస్సులో ఆ కుండను ఒళ్ళోంచి దించని మనిషి అంది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. నాకు ముందే తెలుసని, తెలిసీ చెప్పలేదని అప్పుడు చెప్పాను. ఆమె నా ముఖంలోకి ఒకసారి చూసింది.

"తెలిసే ఉంటివా?" అంది. ఆ తర్వాత, "సరే. ఇప్పుడు యాల ఏడిసేది? పోయి చెప్పు మీ సారుకు," అంది.

రామకుప్పంలో ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ చేశాను. గొంగడి నేను కప్పుకున్నానని, పుస్తకంలో అబద్ధం రాశానని చెప్పాను. మీటరు తిరుగుతోంది. సారు కన్నడంలో, ఇంగ్లీషులో, రెండూ కలిపి ఐదు నిమిషాలు తిట్టారు. అన్నీ నాకు తగినవే. చివరకు, ఉత్తరం చించెయ్, వచ్చి పెట్టె తీసుకుపో, ఇంకొక్కసారే యంత్రం ఇస్తాను, మళ్ళీ చెడిపోతే నేనేమీ చేయలేను అన్నారు. ఉగాదికి ఇంక రెండు నెలలు. అక్కమ్మ తట్టల్లోని పురుగులు వారంలో గూళ్ళు కట్టేస్తాయి. మళ్ళీ పురుగులు ఎదిగి, యంత్రం ఖాళీ దొరికేసరికి ఉగాది దాటిపోతుంది. ఆ ఒక్క అవకాశమే.

మూడో రోజు నేను పెట్టెతో వచ్చేసరికి ఇల్లంతా కడిగి ఉంది. వసారా గోడలకు కొత్త సున్నం. గొంగడితో పాటు చిన్నప్పను కూడా పశువుల పాకకు తరిమేసింది.

"పని అయ్యేదాకా ఏనుగులు వచ్చినా ఈడికి రాబాకు," అని చెప్పిందట. ఆయన పాకలోంచి మెడ సాచి మమ్మల్ని చూస్తూ ఉన్నాడు.

పొద్దున ఆరింటికి మొదలుపెట్టాం. తలకు నూలు గుడ్డ, ఒంటికి నూలు చీర, చేతులకు గ్లవ్స్. స్వెట్టరు సంచిలోంచి బయటికి తీయలేదు. ఆ రోజు చలి డిసెంబరు కంటే ఎక్కువ. అక్కమ్మ గాలి వచ్చే వైపు తను కూర్చుని, తడిపి పిండిన దుప్పటి ఒకటి నా వెనక కట్టింది, దుమ్ము లేవకుండా. ఇరవై పురుగులు అయ్యేసరికి నా వేళ్ళు కొయ్యబారిపోయాయి. కత్తెర పట్టు దొరకడం లేదు. గొట్టం పక్కన ఒక బొట్టు పడింది.

అక్కమ్మ చటుక్కున లేచింది. రెండుసార్లు సబ్బుతో కడుక్కుంది, మూడోసారి బ్లీచింగ్ నీళ్ళతో కడుక్కుంది, ఉతికిన గుడ్డతో తుడుచుకుంది. వచ్చి నా చేతులు రెండూ తన అరచేతుల మధ్య పెట్టుకుని గట్టిగా పట్టుకుంది. గ్లవ్స్ మీద నుంచే వేడి తెలిసింది. పొద్దున్నించీ కుంపటి రాజేసిన చేతులు అవి. కాసేపటికి నా వేళ్ళు కదిలాయి. అలా మూడుసార్లు చేసింది. మొదటి రెండుసార్లూ నేను గ్లవ్స్ మార్చుకున్నాను. మూడోసారికి జతలు అయిపోయాయి. ఇంకా ఆరు పురుగులు ఉన్నాయి. పాత గ్లవ్స్‌ను స్పిరిట్‌తో తుడిచి అలాగే పూర్తిచేశాను. ఈసారి పుస్తకంలో అది కూడా రాశాను.

ఫలితం వచ్చిన రోజు నేను అన్నం తినలేదు. చేతన్ సారు తలుపు వేసుకుని గంట సేపు చదివి, పిలిచారు. నూట ఏడు ప్రోటీన్లు. గొర్రె లేదు. అరవై మూడో వరసలో ఉన్న చిన్న ప్రోటీన్, రోగాన్ని అడ్డుకునే జాతిదే, తెల్ల పురుగుల్లో కంటే పసుపు పురుగుల్లో ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంది. దీనివల్లే ఇవి బతికాయని ఇప్పుడే చెప్పలేం, కానీ ఈ రకాన్ని కాల్చేయడం పెద్ద తప్పవుతుందని మాత్రం కచ్చితంగా రాయగలం అన్నారు. రాశారు. కింద నా పేరు కూడా చేర్చారు.

పంపేముందు పట్టీని శుభ్రం చేయాలి. బయటి నుంచి పడినవాటిని తీసేయడం మా పనిలో రివాజు. తొంభై నాలుగో వరసలో ఒకటి ఉంది. మనిషి చర్మంలో ఉండే కెరటిన్ అనే ప్రోటీన్.

"ఇది ఎప్పుడూ ఉండేదే, కొట్టేయండి," అన్నారు సారు.

నేను ఆ వరస ముందు చాలాసేపు కూర్చున్నాను. అది నా చర్మమే కావచ్చు. యంత్రం ఎవరిదని చెప్పదు. కానీ ఆ రోజు మెడ దాకా నూలు చుట్టుకున్నాను, మోచేతుల దాకా గ్లవ్స్ వేసుకున్నాను. గ్లవ్స్ బయట తగిలిన చేతులు ఎవరివో నాకు తెలుసు. వరస కొట్టేశాను, నూట ఆరు పంపించాను. కొట్టేయని మొదటి కాగితం మాత్రం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

ఉగాదికి పది రోజుల ముందు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఈ రకానికి ఒక నంబరు ఇచ్చి ప్రభుత్వ విత్తన క్షేత్రంలో ఉంచుతారు. ప్రస్తుతం పెంచుతున్న రైతు, తనిఖీకి లోబడి, పెంచుకోవచ్చు. రైతు పేరు ఎక్కడా లేదు. నేనే తీసుకుపోయి చదివి వినిపించాను. అక్కమ్మ లోపలికి పోయి, గుడ్ల కాగితాలున్న కుండ మీది తడిగుడ్డ మార్చి వచ్చింది. చిన్నప్ప మాత్రం రెండుసార్లు చదివించుకున్నాడు.

"దీని పేరు యాడుంది?" అన్నాడు భార్యను చూపిస్తూ.

నేను ఆ మడిచిన కాగితం తీశాను. తొంభై నాలుగో వరస మీద వేలు పెట్టి, "ఇక్కడుంది. పెద్దమ్మ చేతులు ఇవి. నా చేతులు పట్టుకునింది కదా ఆ రోజు, అదీ దొరికింది యంత్రానికి," అన్నాను. సంతోషిస్తుందని ఎంతో ఆశపడి చెప్పాను.

అక్కమ్మ ముఖం మాడిపోయింది. "అంటే? నేను సరిగ్గా కడుక్కోలేదంటావా?"

"అయ్యో అది కాదు పెద్దమ్మా..."

"సబ్బుతో కడుక్కుంటిని. బ్లీచింగుతో కడుక్కుంటిని. నువ్వు సూస్తానే ఉంటివి గదా."

ఎంత కడిగినా చర్మం రాలుతూనే ఉంటుందని, ఎవరికైనా అంతేనని, మా సారు చేతులైనా అంతేనని అరగంట నచ్చజెప్పాను. చిన్నప్ప పక్కన కూర్చుని నవ్వు ఆపుకోలేక అవస్థ పడుతున్నాడు. చివరికి ఆమె ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని, తొట్టి పైన గోడకు అన్నం మెతుకులతో అంటించింది. తొంభై నాలుగో వరస కింద బొగ్గుతో గీత గీసింది. వచ్చినవాళ్ళందరికీ అది చూపించి, "సూడు, నేనే మూడుసార్లు కడుక్కుని కూడా ఈడ పడినాను," అని చెప్పేది. గుడ్లు కాల్చమన్న అధికారికి కూడా చూపించింది. ఆయనా కడుక్కున్నాడు.

అప్పటి నుంచి ఆ ఇంట్లో చేతులు నాలుగుసార్లు కడుక్కోవాలి. నాకూ మినహాయింపు లేదు. ఆ తర్వాత నాలుగేళ్ళు ఆ పని మీద పోతూ వస్తూ ఉన్నాను. నాలుగోసారి కడుక్కుని తుడుచుకున్నాక, అక్కమ్మ నా చేతులు రెండూ పట్టుకుని తిప్పి చూసేది. చల్లగా ఉంటే తన అరచేతుల మధ్య పెట్టుకుని, అవి వెచ్చబడేదాకా వదిలేది కాదు. ఆ తర్వాత మళ్ళీ కడుక్కోమని మాత్రం ఎప్పుడూ అనలేదు.